వాడి జంక్షన్‌లో మేము దిగిపోయిన రోజు

ఇది ఎందుకు రాస్తున్నానో మొదటే చెప్పాలి. మొన్న సిరిసిల్లలో మా అమ్మ పదకొండో రోజు జరిగింది. వచ్చినవాళ్లు భోజనాలు ముగించి చాపల మీద చేరబడ్డారు. పోయిన మనిషి మంచితనాన్ని తలుచుకునే వేళ అది. మా మేనమామ భార్య లక్ష్మత్త, కడుపులో కల్మషం లేని మనిషే, నా మనవరాలిని దగ్గరికి తీసుకొని తల నిమురుతూ అన్నది: "మీ ముత్తవ్వ ఎంత గోస పడ్డదో నీకేమెరుక బిడ్డ. మొగడు భీమండిల ఇంకోదాన్ని పెట్టుకొని, ఆలుపిల్లలను రైల్ల ఇడిసిపెట్టి పోయిండు. అయినా ముసల్ది తలకాయ దించలె." మనవరాలు నా వైపు తిరిగి "నిజమా అమ్మమ్మా?" అంది. కాదు అన్నాను. మిగతాది మొదలుపెట్టేలోపే ఎవరో నీళ్లు అడిగారు, ఎవరో బస్సుకు వేళయిందన్నారు, మాట చెదిరిపోయింది. ఆ అబద్ధం మా బంధువర్గంలో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నది. దాన్ని పుట్టించినవాళ్లలో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే అది ఇంతకాలం బతికింది. నిజం తెలిసినవాళ్లం నేనూ మా తమ్ముడూ మిగిలాం. నోటితో చెబితే చాప చుట్టేసరికి పోతుంది. కాబట్టి రాస్తున్నాను.

రెండో కారణం కూడా ఉంది. కర్మ అయ్యాక కంటి ఆపరేషన్ కోసం తమ్ముడు నన్ను హైదరాబాద్ తీసుకుపోయాడు. ఆస్పత్రికి పోయేముందు, సికింద్రాబాద్ స్టేషన్ ఒకసారి చూపించు తమ్మీ అన్నాను. నిజాం ప్రభుత్వం రైలు వేసిన తొలినాళ్ల స్టేషన్ అది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, సిరిసిల్ల గ్రంథాలయంలో పుస్తకం తిరగేసి నేనే తెలుసుకున్నాను. ఆటో దిగి చూస్తే నేను వెతికిన ముఖద్వారం లేదు. రేకులు అడ్డంగా కట్టారు, వెనకాల పెద్ద యంత్రాలు మట్టి తోడుతున్నాయి. కొత్త కట్టడం వస్తుందట. "ఇక్కడనే గద శ్రీనూ, మనం నలుగురం నిలవడ్డది?" అని అడిగాను. వాడు అటూ ఇటూ చూసి, "నాకు యాదికి లేదక్కా. నేను బాపు బుజాల మీదున్న అని నువ్వు చెప్తె విన్నదే" అన్నాడు. మేం నలుగురం కలిసి సంతోషంగా నిలబడ్డ చివరి చోటు అది. మాకు ఫోటో లేదు. ఇప్పుడు గోడ కూడా లేదు. నా తలలో ఉన్నంతకాలమే ఉంటుంది, ఆ తల కూడా డెబ్బైకి దగ్గర పడుతున్నది.

మాది సిరిసిల్లలో నేతపని చేసే ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం. బాపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే నడుము దాకా నేలలో ఉన్నట్టు కనిపించేవాడు. ఎదురుగా అమ్మ రాట్నం ముందేసుకొని నూలు కండెలు చుట్టేది. ఇల్లంతా నూలుకు పట్టించే గంజి వాసన. మా ఇంటికి వచ్చిన బయటివాళ్లు ముక్కు చిట్లించేవాళ్లు గానీ, మాకు ఆ పులిసిన వాసన లేని రోజే ఏదో వెలితిగా ఉండేది, మగ్గం ఆగిందంటే పొయ్యి కూడా ఆగుతుందని భయం. చేతిమగ్గం చప్పుడులో ఒక గుణం ఉన్నది. పోగును మోసుకొని నాడె ఇటు నుంచి అటు పోతుంది, ఆ పోగును బిగించే పలక ఒక దెబ్బ వేస్తుంది, మళ్లీ నాడె కదిలేలోపు చిన్న సందు ఉంటుంది. ఆ సందులో ఒక మాట పడుతుంది. బాపు, అమ్మ సంసారమంతా ఆ సందుల్లోనే మాట్లాడుకున్నారు. "ఓ రాజవ్వా," టక్. "నీ కూరల ఉప్పు," టక్. "బొంబాయి పోయిందా ఏందే?" టక్. అమ్మ రాట్నం ఆపకుండానే, "ఉప్పు ఇంట్లనే ఉన్నది, నీ నాలుకనే ఊరు మీద పోయింది" అనేది. బాపు నవ్వితే పోగు తెగేది. పోగు తెగితే అమ్మ మీద వేసేవాడు. నేను ఆ మాటల మధ్య అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఆగకుండా గడగడ మాట్లాడితే నాకు అర్థం కాదు, మధ్యలో టక్ వినబడాలి.

చేతిమగ్గం బట్ట కొనేవాళ్లు తగ్గారు. మా వాడకట్టులో ఒక్కొక్కరే గుంటలు పూడ్చి భీమండి దారి పట్టారు. బొంబాయి దగ్గరి ఆ ఊళ్లో కరెంటుతో నడిచే మగ్గాలు, మావాళ్ల మాటలో సాంచెలు, వేలకు వేలు ఉండేవి. బాపు కూడా పోయాడు. ఏడాదికి ఒకసారి దసరాకు వచ్చేవాడు. మొదటి ఏడు వచ్చినప్పుడు నోరు మూయలేదు. అక్కడి గల్లీలు, వానలు, ఒక్క మనిషి నాలుగు సాంచెల మధ్య గిరగిరా తిరగడం, అన్నీ నటించి చూపించాడు. తర్వాతి ఏడు మాట తగ్గింది. ఆ తర్వాత ఇంకా తగ్గింది. అరుగు మీద కూర్చొని వచ్చేపోయేవాళ్లను చూసి నవ్వేవాడు. ఏదన్నా అడిగితే "ఆఁ, ఆఁ" అని తల ఊపేవాడు. నేను బడిలో వచ్చిన మార్కులు చెప్పినా అంతే, ఊరబావిలో మేక పడ్డదని చెప్పినా అంతే. మొగవాళ్లతో కూర్చుంటే నాలుగు మాటలు మాట్లాడేవాడు. అమ్మ పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు.

అప్పటికి అమ్మ కండెలు మానేసి బీడీలు చుడుతున్నది. మధ్యాహ్నం మా వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాళ్లు. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, మధ్యమధ్య తుమ్ములు. అందులో ఎల్లవ్వ అని ఒకామె, ఆమె చేయి కన్నా నోరు జోరు. ఒకరోజు దారం చుడుతూ అన్నది: "మొగడు మాట్లాడుత లేడంటె మనసు ఇంకోకాడ ఉన్నట్టే రాజవ్వా. భీమండిల గసొంటియి మస్తుగ అయితయట. గాడ ఒక కొంప, గీడ ఒక కొంప."

అమ్మ కత్తెర ఆపింది. "నీ మొగడు మాట్లాడుతడు గద, ఆయనకు నీ ఒక్కదాని కొంపనే ఉన్నదా?" అన్నది. అందరూ నవ్వారు. ఎల్లవ్వ కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి అన్నం తినలేదు అమ్మ. పక్కన పడుకున్న నాకు తెలుసు.

ఆ దసరాకు బాపు వచ్చినప్పుడు అమ్మ ఎదురుగా నిలబడి, రెండు చేతులూ నడుముకు పెట్టుకొని, వాడకట్టంతా వినేటట్టు, "ఈపారి నువ్వొక్కనివి పోవుడు లేదు. నేను, పిల్లలు గూడ వస్తం" అన్నది. బాపు ఆమె ముఖం కాసేపు చూశాడు. తర్వాత ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇప్పటికీ గుర్తు. "వస్తవా? నిజంగ వస్తవా?" అని రెండుసార్లు అడిగాడు. మర్నాడు అమ్మ ఎల్లవ్వతో, "ఇంకోతి ఉంటె గింత జల్ది ఒప్పుకుంటడా?" అంటే, ఆమె, "నీకు అనుమానం రావద్దనే ఒప్పుకున్నడు, పిచ్చిదానా" అన్నది. అనుమానం ఉన్నవాళ్లకు అవును అన్నా అనుమానమే, కాదు అన్నా అనుమానమే. అమ్మ ఆ ప్రయాణానికి బయలుదేరింది కాపురం చేయడానికి కాదు, ఆ ఒక్క సంగతి తేల్చుకోవడానికి. సర్వపిండి కాల్చింది, జొన్నరొట్టెలు కట్టింది, మామిడి తొక్కు సీసాకు గుడ్డ బిగించింది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎల్లవ్వకే ఇచ్చింది.

సికింద్రాబాద్ స్టేషన్ ముందు బస్సు దిగాక నేను తలెత్తి నోరు తెరిచాను. అంత ఎత్తు కమానులు నేను చూడలేదు. మా ఊళ్లో అంత ఎత్తున్నది ఏదైనా ఉంటే అది దేవుడిదే అయి ఉండాలి. లోపల ఎర్ర చొక్కాల కూలీలు, పూరీల నూనె, బొగ్గు, ఫినాయిలు, ఎవరో చల్లిన కుంకుమ, ఎన్ని వాసనలో. బాపు తమ్ముణ్ణి భుజాలకెత్తుకున్నాడు. నా చేయి ఒక చేత్తో, ట్రంకుపెట్టె ఒక చేత్తో. నేను ఆరో తరగతి. కంటికి కనబడ్డ అక్షరం చదవకుండా వదిలే రకం కాదు. త్రాగునీరు, స్త్రీల విశ్రాంతి గది, పొగ త్రాగరాదు, ప్రతి బోర్డూ గొంతెత్తి చదివాను. బాపు వంగి నా ముఖంలోకి చూసి, "నా బిడ్డ సర్కారు నౌకరి కొడ్తది" అని పక్కన కూర్చున్న ముక్కూమొగం తెలియని ఆయనకు చెప్పాడు. ఆయన పళ్లు తోముకుంటూ తల ఊపాడు. అమ్మకు మల్లెపూలు కొన్నాడు బాపు. "గీ వయసుల పూలేంది, మంది నవ్వరా?" అని అమ్మ అంటూనే తల తిప్పి కొప్పు చూపించింది. ఆ క్షణంలో అమ్మ అనుమానం సగం పోయి ఉంటుంది. నలుగురం గడియారం కింద నిలబడ్డాం. నన్ను ఎవరైనా నీ జీవితంలో ఎక్కడ ఆగిపోతావు అని అడిగితే అక్కడ ఆగిపోతానని చెబుతాను.

బండి ఎక్కాక బాపుకు, అమ్మకు పక్కపక్కన చోటు దొరికింది. బాపు కిటికీ దగ్గర. ఎదురు బల్ల మీద నేను, నా ఒళ్లో తమ్ముడు. వికారాబాద్ దాటేదాకా బాపే మాట్లాడాడు. "అంత మనోళ్లే ఉంటరు. గల్లీల నిలవడి ఓ నర్సన్నా అంటె పదిమంది నర్సన్నలు పలుకుతరు" అన్నాడు. ఆయన పేరు నర్సయ్య. ఆయన జోక్ వేశాడు, మేం నవ్వాం. ఆయన మాట్లాడుతున్నప్పుడు మేం నవ్వడమే ఉన్నది గానీ, మేం మాట్లాడినది ఆయన అందుకోవడం లేదని అప్పుడు నాకు తోచలేదు. తాండూరు దగ్గర రొట్టెలు విప్పి తిన్నాం. బాపు కిటికీ మీద మోచేయి ఆనించి బయట కంది చేలు చూస్తున్నాడు. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకున్నది. ఒళ్లో చేతులు పెట్టుకొని, తల వంచి, ఆ చేతులతోనే మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అడిగింది:

"ఏమయ్యా, మంది అనుకునేది నిజమేనా? నీకు భీమండిల ఇంకోతి ఉన్నదా?"

చక్రాల చప్పుడులో నాకే ఆ మాట కష్టంగా వినబడింది. కానీ వినబడింది. బాపు ఇటు తిరిగాడు. అమ్మ ఏదో అన్నదని ఆయనకు తెలిసింది. చిరునవ్వు నవ్వాడు. తల ఊపాడు. "ఆఁ, ఆఁ" అన్నాడు. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

అమ్మ తల ఎత్తలేదు. బాపు ఒకసారి ఆమె వైపు చూసి, నిద్ర వస్తున్నదనుకున్నాడేమో, తన తువ్వాల మడతపెట్టి ఆమె వెనక ఆనుకోవడానికి పెట్టాడు. ఆ తువ్వాల వైపు అమ్మ చూసిన చూపు నాకు భయం పుట్టించింది. అంత పెద్ద మాట నవ్వుతూ ఒప్పుకొని, మళ్లీ తువ్వాల పెడుతున్నాడు!

సాయంత్రపు ఎండలో బండి ఒక పెద్ద స్టేషన్‌లో ఆగింది. బోర్డు మీద మన అక్షరాల లాగే ఉండి మనవి కాని అక్షరాలు. వాటిని పట్టిపట్టి చూసి, "వాడి!" అని చదివేశాను. రాని భాష చదివేశానని గర్వంతో బాపు వైపు చూశాను. బాపు అప్పటికే చెంబు పట్టుకొని నీళ్లకు దిగుతున్నాడు. అమ్మ లేచింది. తమ్ముణ్ణి చంకనేసుకున్నది. "లే పిల్లా. మూట పట్టు" అన్నది.

"ఏడికి?"

"ఇంటికి."

"బాపు?"

"మీ బాపు చెప్పేది చెప్పిండు" అన్నది అమ్మ.

బాపు దిగిన ద్వారం కాదు, పెట్టె అవతలి కొసన ఉన్న ద్వారం నుంచి దిగాం. బల్ల కింద ట్రంకు అక్కడే ఉండిపోయింది. సరుకుల మూటలు పేర్చిన చోట, వాటి వెనక నిలబడ్డాం. బండి కూత వేసింది. నీళ్ల పంపు దగ్గర అందరూ ఉలిక్కిపడి పరుగెత్తారు. బాపు మాత్రం తాపీగా చెంబు నింపుతూనే ఉన్నాడు. పక్కవాళ్లు పరుగెత్తడం చూసి అప్పుడు పరుగెత్తాడు. నీళ్లు తొణుకుతూ ఎక్కాడు. లోపలికి పోయాడు. బండి కదిలింది. కాసేపటికి ద్వారంలోకి వచ్చాడు, కమ్మీ పట్టుకొని బయటికి వంగి ప్లాట్‌ఫారం అంతా వెతుకుతున్నాడు, కానీ మేము లేని వైపు. నేను అమ్మ చేయి విడిపించుకొని ముందుకు ఉరికాను. "బాపూ! బాపూ!" అని నా ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకొని అరిచాను. రొట్టెలమ్మే ఆమె తిరిగి చూసింది. కూలీలు తిరిగి చూశారు. ఒక కుక్క తిరిగి చూసింది. ఆ ప్లాట్‌ఫారం మీద తిరిగి చూడనిది ఒక్క మా బాపే. బండి వంపు తిరిగేదాకా ఆయన అటువైపే చూస్తూ పోయాడు.

అమ్మ అడిగిన మాటకు జవాబు అమ్మకు వచ్చింది. నేను పిలిచిన పిలుపుకు జవాబు నాకు వచ్చింది. ఆ వయసులో నాకు అట్లాగే అనిపించింది.

రొట్టెలమ్మే ఆమె కన్నడంలో ఏదో అడిగి, అమ్మ ఏడుస్తుంటే ఇంకేమీ అడగకుండా మాకు జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టింది. ఎదురుబండికి మమ్మల్ని తనే ఎక్కించింది. సిరిసిల్లకు వచ్చేదాకా అమ్మ కొప్పులో పూలు అట్లాగే ఉన్నాయి. తీసేయాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

బాపు తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వచ్చి, వాడిలో మా కోసం వెతికి వెతికి, చివరికి ఊరికి వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. ఇంట్లోకి రానీయలేదు మా మేనమామలు. మా కులపెద్దల పంచాయితీ పెట్టారు. మా దగ్గర ఆలుమగల తగవు కోర్టుకు పోదు, ముందు పెద్దమనుషుల ముందు చాప మీదికి వస్తుంది. మంచి పద్ధతే, చాలా కాపురాలను నిలబెట్టింది. ఆ రోజు మాత్రం పాతికమంది మొగవాళ్లు ఒకేసారి మాట్లాడారు. మేనమామ లేచి అరుస్తాడు, ఇంకొకరు కూర్చో అంటారు, మూలన ఎవరో దగ్గుతారు. బాపు చేతులు కట్టుకొని మధ్యలో నిలబడి, మాట్లాడుతున్న ముఖం ఏదో వెతుకుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెద్దమనిషి చుట్ట నోట్లో పెట్టుకొనే అడిగాడు: "నర్సయ్యా, నీ భార్య అనే మాట నిజమా, కాదా? నీకు భీమండిల ఇంకో ఆడది ఉన్నదా?"

అంతా ఆగిపోయింది. అందరూ తన వైపే చూస్తున్నారు కాబట్టి తను ఏదో చెప్పాలని బాపుకు తెలిసింది. రెండు చేతులు జోడించాడు. "మీరు పెద్దలు. మీరెట్లంటె గట్లనే" అన్నాడు.

పంచాయితీలో మర్యాద తెలిసిన మనిషి ఎవడైనా అనే మాటే అది. ఆ రోజు అది నేరం ఒప్పుకోవడమయింది. విడిగా ఉండాలని తీర్పు చెప్పారు. పోయేముందు బాపు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ తలుపు వేసుకున్నది. గడప మీద కూర్చున్న నన్ను చూసి, "సదువుకో బిడ్డ" అన్నాడు. నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. ఏమన్నా ఆయనకు ఒకటే అని తర్వాత తెలిసింది.

సదువు ఎక్కువ సాగలేదు. ఏడో తరగతితో బడి ఆగి నా ఒళ్లోకి చేట వచ్చింది. కానీ సిరిసిల్ల గ్రంథాలయం తలుపు నాకు మూసుకోలేదు. వాకిట్లో నేను పుస్తకం పైకి చదివితే, ఆడవాళ్లు నా వంతు బీడీలు కూడా చుట్టేవాళ్లు. ఎల్లవ్వకు దయ్యాల కథలంటే ప్రాణం. పెళ్లయి కోరుట్ల పోయాక అక్కడి గ్రంథాలయం, మా ఆయన కుట్టుపని జగిత్యాలకు మారాక ఇక్కడి గ్రంథాలయం. డిగ్రీలు లేవు గానీ ఈ మూడు ఊళ్ల బీరువాల్లో నేను తెరవని పుస్తకం తక్కువ. ఆ చదువు చదివింది ఆయన చెప్పినందుకు కాదు, ఆయన మీద పంతంతో అనుకునేదాన్ని.

బాపు భీమండి నుంచి మనుషుల చేత పైసలు పంపుతూనే ఉన్నాడు. మళ్లీ రాలేదు. తమ్ముడికి మీసాలు వచ్చిన తర్వాత ఒకరోజు, బాపు పోయాడని కబురు వచ్చింది. నేను, తమ్ముడు పోయాం. మేం చేరేసరికే దహనం అయిపోయింది. ఆయన ఉన్న గది చూపించారు. ఖోలీ అంటారు అక్కడ. గోడకు మేకులు, మేకులకు చొక్కాలు, కింద చుట్టిన చాపలు. ఆయనతో చివరిదాకా ఉన్న కనకయ్య కాక, గంభీరావుపేట ఆయన, మాకు చాయ తెప్పించాడు. నేను చాలాసేపు ఓర్చుకొని, "కాకా, ఆమె ఏడున్నది?" అని అడిగాను. ఆయన పక్క చూపు చూస్తూ తల ఊపాడు. తమ్ముడు ఆయన భుజం తట్టి తన వైపు తిప్పుకొని గట్టిగా అడిగాడు.

"ఏ ఆమె?" అన్నాడు కనకయ్య కాక.

"మా బాపు పెట్టుకున్నామె."

ఆయన మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గీ ఖోలీల ఆర్గురం వంతులేసుకొని పండుతం బిడ్డ. ఆడామెకు జాగేడున్నది? మీ బాపు సాంచెల మీదికెల్లి దిగితె చాప, చాప మీదికెల్లి లేస్తె సాంచె. గంతే." కొంచెం ఆగి, "మీకు ఎరుకలేదా? నర్సన్నకు చెవులు వోయి ఎన్నేండ్లాయె!" అన్నాడు.

అప్పుడే గమనించాను. గది ముందు నుంచి పోయే మనుషులు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం లేదు. చేయి ఊపుతున్నారు, భుజం తడుతున్నారు, నోరు పెద్దగా తెరిచి పెదవులు కదుపుతున్నారు. పక్క గల్లీలోని కార్ఖానా చప్పుడుకు గోడ మీది అద్దం వణుకుతున్నది. ఆ చప్పుడులో సందు లేదు. ఒక్క మాట పట్టేంత సందు కూడా లేదు.

"మాకు ఎందుకు చెప్పలె కాకా?" ఆయన ముఖానికి ఎదురుగా వంగి, పెదవులు పెద్దగా కదిపి అడిగాను.

"సిగ్గు బిడ్డ. చెవిటోడని పేరు వడితె ఊర్లె నవ్వులాటైతది. రేపు నీకు సంబంధం చూస్తె, చెవిటోని బిడ్డ అంటరని ఆయన భయం. మేమంత గంతే. ఇంటికి పోతె ఎవ్వలేమన్నా నవ్వి తలకాయ ఊపుతం. ఊపితె ఎవ్వలకు కోపం రాదు గద."

జగిత్యాలకు వచ్చాక గ్రంథాలయంలో చెవి గురించి ఉన్న పుస్తకాలన్నీ తీయించాను. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల వంటివి ఉంటాయట, పెద్ద చప్పుడుకు అవి వాలిపోతే మళ్లీ మొలవవట. మొదట పోయేవి సన్నని గొంతులట. మొగవాళ్ల మాట కొంతకాలం అందుతుంది, ఆడవాళ్ల మాట, పిల్లల మాట ముందే ఆగిపోతుంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద నేను పిలిచిన గొంతు ఎంత సన్ననిదో నాకు తెలుసు.

అమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో అని తమ్ముడు ఇప్పటికీ అంటాడు. ఎదురుగా కూర్చొని, ఖోలీ సంగతి, చెవుల సంగతి, తల ఊపే సంగతి, అన్నీ చెప్పాను. అమ్మ బీడీ చుట్టడం ఆపలేదు. చివర్లో, "గట్లయితె గారోజు రైల్ల నేను అన్నది ఆయనకు ఇనవడలేదా?" అన్నది. లేదమ్మా అన్నాను. చుట్టిన బీడీ విప్పింది, మళ్లీ చుట్టింది, మళ్లీ విప్పింది. "చాయ పెట్టుపో" అన్నది. అప్పుడు దాని గురించి ఆమె మాట్లాడింది అంతే. కానీ ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటు వచ్చింది. ఎవరితో ఏం మాట్లాడినా దగ్గరికి వచ్చి, చేయి పట్టుకొని, ముఖంలోకి చూస్తూ, రెండుసార్లు అడిగేది. "అన్నం తిన్నవా? బిడ్డా, అన్నం తిన్నవా?" "బస్సుకు టైముందా? ఉన్నదా టైము?" తమ్ముడి పిల్లలు, నానమ్మ టేపు అరిగిపోయిందని నవ్వేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది. మళ్లీ రెండోసారి అడిగేది.

ఇప్పుడు నా మనవరాలు కరీంనగర్ హాస్టల్ నుంచి ఫోన్‌లో ముఖం చూపిస్తూ మాట్లాడుతుంది. పెదవులు స్పష్టంగా కనబడతాయి. మాట వినబడకపోతే రాసి పంపుతుంది. మా కాలంలో ఇది ఉంటే ఒక ఇల్లు నిలిచేది. సిరిసిల్లలోనే ఇప్పుడు గల్లీ గల్లీకి సాంచెలు ఉన్నాయి, చెవుల్లో దూది పెట్టుకోండిరా అని చెబితే పోరగాళ్లు ఫోన్ పాటలు పెట్టుకొని నవ్వుతారు. వాళ్లను తిట్టలేను. చప్పుడులో బతికేవాడికి చెవి పోతున్నది అని చెప్పేది ఆ చెవే కదా.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్లను తలుచుకోవాలి. తన మాట తనే గుర్తు చేసుకొని ఏడ్చి, అది కూడా రాయమన్న ఎల్లవ్వ ఇప్పుడు లేదు, ఆమెకు నా దండం. ఇదంతా చదివి వినిపిస్తే, "నాకు ఎరుకలేదు బిడ్డ, ఇగ అననియ్య" అని నా చేతులు పట్టుకున్న లక్ష్మత్తకు. నాకు తెలియని పుస్తకాలు వెతికి ఇచ్చిన జగిత్యాల గ్రంథాలయపు విఠల్ సారుకు. ఈ కాగితాలు టైపు చేసిన నా మనవరాలు మానసకు. ఆపరేషన్ అయిన నా కంటికి చుక్కలు వేస్తూ, ఒక్కో సంగతి సరిచూసిన తమ్ముడు శ్రీనుకు. బాపు పక్కన చాప పరుచుకొని చివరిదాకా ఉన్న కనకయ్య కాకకు. వాడి స్టేషన్‌లో మాకు రొట్టె పెట్టిన ఆ తల్లికి, ఆమె పేరు అడగలేదు, అన్నపూర్ణ అని నేనే పెట్టుకున్నాను. అందరికన్నా మా అమ్మ రాజవ్వకు. తను పోవడానికి నెల ముందు, మంచం మీద ఉన్నప్పుడు, "బాపు సంగతి రాయాల్నా అమ్మా?" అని అడిగితే కళ్లు మూసుకున్నది. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత నా చేయి వెతికి పట్టుకున్నది.

"రాయి. ఆయనది తప్పు లేదని రాయి బిడ్డ. నేను ఒక్కసారే అడిగిన అని రాయి. ఇంకోసారి అడగలేదని రాయి."